దిష్టి తగలని పడవ

డీజిల్ పడవలు పోయి తెరచాపలు మళ్ళీ వచ్చాయి గానీ, వాటిని మనుషులు నడపకూడదని రూలు పెట్టారు. నిన్ననే సూరాడ కోదండు పడవకీ ఆటోపైలట్ డబ్బా బిగించారు. మేస్త్రీ చుక్కాని కొయ్య ఊడదీసి, తెరచాప తాళ్ళు కూడా ఆ డబ్బాకే కలిపి సీలు వేశాడు. లోపలి దిక్సూచి దగ్గరికి ఇనుము రానివ్వొద్దని కోదండుకి మరీమరీ చెప్పి వెళ్ళాడు.

ఇవాళ ఒక్కడే వేట ముగించుకుని "ఇంటికి" అన్నాడు కోదండు. పడవ ఒడ్డుకి వీపు చూపించి నడిసముద్రంలోకి బయల్దేరింది.

"సరైన దారిలోనే ఉన్నాం. విశ్రాంతి తీసుకోండి," అంది డబ్బా మర్యాదగా.

మూత తెరవబోతే కత్తి విరిగింది. కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్ళూ సరైన దారే అన్నారు. చివరికి పెళ్ళానికి చేశాడు.

"గురమ్మా, పడవ లోపలికెలిపోతందే! ఈ డబ్బాని గానీ ముట్టుకున్నావేటి?"

"మేస్త్రి టీకెల్లినప్పుడు అందులో గుర్రపు నాడా ఎట్టినానయ్యా. కొత్త వస్తువు కదా, దిష్టి తగల్దా?"

కోదండు నెత్తి కొట్టుకున్నాడు.

"పోనీ నువ్వే తిప్పీ. నలబై ఏల్లు చుక్కాని పట్టినోడివి!"

"చుక్కానేదే?"



"పెరట్లో ఉందయ్యా," అంది గురమ్మ. "దాన్మీదే నీ లుంగీ ఆరేసినాను."