ముద్దాయి పేరు జార్జి

"వాడి అంతు చూడాలి అమ్మమ్మా!"

నీహారిక పుస్తకాల సంచీని సోఫా మీదికి విసిరికొట్టింది. చిక్కుడుకాయలు ఒలుస్తున్న బాలమణి చేతిలోని కాయ చేతిలోనే ఆగిపోయింది. గట్టిగా మాట్లాడటమే తెలియని పదహారేళ్ళ పిల్ల, కళ్ళు చింతనిప్పులు చేసుకుని నిలబడి ఉంది.

"ఎవడి అంతు తల్లీ?"

"ప్రణవ్! ఏపీ హిస్టరీలో ట్రయల్ పెడుతున్నారు, కోర్టులాగా. ఎవరు ఏ సైడో టీచర్ చీటీలు తీయించింది. నాకు ప్రాసిక్యూటర్ వచ్చింది. వాడు కలెక్ట్ చేస్తానని తీసుకుని నా చీటీ మార్చేశాడు. ఇప్పుడు నేను డిఫెన్స్. ఎలెవెన్ ఇయర్స్‌లో ఈ సైడ్ ఒక్కసారి కూడా గెలవలేదు! గ్రేడ్‌లో సగం ఇదే."

ఏపీ అంటే ఇక్కడ ఆంధ్రప్రదేశ్ కాదు, హైస్కూల్లోనే కాలేజీ చదువు చదివించే క్లాసు. ఆ గ్రేడు కోసం ఏడాదిగా పిల్ల ఎంత కష్టపడుతోందో బాలమణికి తెలుసు.

అంతలో బెల్లు మోగింది. వెనక వీధిలో ఉండే ఆ ప్రణవే. నీహారిక క్లాసులో మర్చిపోయిన కాలిక్యులేటర్ తెచ్చాడు.

"నమస్తే అమ్మమ్మగారూ! ఫ్రైడే నీహారిక ఓడిపోతుంది. స్వీట్ ఏమన్నా చేసి పెట్టండి, ఏడవకుండా." నవ్వుకుంటూ సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

బాలమణి చదువు మూడో క్లాసుతో సరి. కానీ బాపట్ల మునసబు కోర్టులో గట్టు తగాదా పదమూడేళ్ళు నడిస్తే, ఒక్క వాయిదా మానకుండా భర్త వెనక బల్ల మీద కూర్చున్న మనిషి. కింది కోర్టులో ఓడి, అప్పీల్లో గెలిచిన కేసది. ఏ ప్లీడరు ఏ సాక్షిని ఏ ప్రశ్నతో పడగొట్టాడో ఈనాటికీ పొల్లుపోకుండా చెప్పగలదు.

"నా గుమ్మంలో నిలబడి నా మనవరాలు ఓడిపోతుందంటాడా, బుడంకాయ వెధవ! కూర్చోవే. నీ ముద్దాయి ఎవరు?"

"జార్జ్. హిస్టరీలో చాలా ఇంపార్టెంట్ అమ్మమ్మా, ఆయన అసలు..."

"ఎవరైతే మనకెందుకే? ప్లీడరుకి మనిషితో పనిలేదు, కేసుతో పని. ఏం చేశాడని?"

"ఇక్కడ ల్యాండ్స్ అన్నీ ఆయనవి. ఆయనేమో ఓషన్ అవతల ఉంటాడు. ఇక్కడి వాళ్ళు టాక్స్ కట్టం, ల్యాండ్ మాదే అన్నారు."

బాలమణికి ఒళ్ళు మండింది. "సముద్రం అవతలుంటే ఆయనది కాకుండా పోతుందా? నేనిక్కడ అమెరికాలో, ఈ క్యారీలో కూర్చున్నానని అక్కడ మన చేను కౌలుదారు మింగేస్తే ఊరుకుంటానా? ఇంకా ఏం చేశారు?"

"షిప్‌లో టీ బాక్సులు హార్బర్‌లో పడేశారు. ఎవరో తెలియకుండా ఫేస్‌కి పెయింట్ వేసుకుని, వేరే వాళ్ళలా డ్రెస్ చేసుకుని."

"హవ్వ! దొంగ వేషాలు కూడానా! అదే పట్టుకో. సాక్షిని ఒక్కటంటే ఒక్కటే అడుగు. 'న్యాయం నీ వైపుంటే మొహానికి రంగెందుకు పూసుకున్నావు నాయనా?' అంతే. అడిగి నోరు మూసుకో. వాడు నీళ్ళు నములుతాడు. ఆ నమలడం అందరినీ తీరిగ్గా చూడనీ."

నాలుగు రోజులు డైనింగ్ టేబులే కోర్టయింది. బాలమణి ఓసారి సాక్షి, ఓసారి ప్రణవ్. నీహారిక తడబడితే గరిటెతో బల్ల మీద కొట్టి మళ్ళీ మొదలెట్టించింది.

శుక్రవారం పొద్దున దేవుడి అలమర ముందు నిలబెట్టింది. అందులో ఖద్దరు టోపీతో తన తండ్రి ఫోటో. ఆయన కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంకరగా ఉంటుంది.

"ముత్తాతయ్య హ్యాండ్ ఎందుకలా ఉంది?"

"అదో పెద్ద కథ, బస్సు తప్పిపోతుంది. దండం పెట్టి, కేసు గెలిపించమని అడుగు."

సాయంత్రం నాలుగింటికి నీహారిక చుట్టచుట్టిన పోస్టరుతో ఎగురుకుంటూ వచ్చింది.

"గెలిచాం అమ్మమ్మా! క్లాసంతా ఓటేస్తే ఎయిటీన్ టు సిక్స్! పెయింట్ క్వశ్చన్ అడిగానా, సాక్షి ఒక్క మాట మాట్లాడలేదు. ప్రణవ్ ఫేస్ బీట్‌రూట్!"

"ఆ బీట్‌రూట్‌ని రమ్మను, స్వీటు పెడతాను." బాలమణి మనవరాలి నోట్లో ఇంత పంచదార పోసింది. నాలుగు రోజుల కసి చల్లారింది.

"మండే వాడు కావాలంటే అప్పీల్ చేసుకోవచ్చు. వాడికంత ధైర్యం లేదులే. టీచర్ ముద్దాయి కుర్చీలో పెట్టిన ఈ పోస్టర్ నాకే ఇచ్చేసింది, చూడు."

విప్పింది. జరీ బట్టలు, భుజాల మీద తెల్లటి బొచ్చు శాలువా, పక్కన కిరీటం.

"ఇదేమిటే, ఆసామీలా లేడే?"

"ఆసామీ ఏంటి? కింగ్ అమ్మమ్మా! కింగ్ ఆఫ్ ఇంగ్లండ్. చెప్పబోతే నువ్వేగా ఎవరైతే ఏంటన్నావు."

బాలమణి పోస్టరుని దగ్గరికి లాక్కుంది.

"మనల్ని ఏలిన రాజులు..."

"సేమ్ ఫ్యామిలీ. ఈయన తర్వాత వాళ్ళే."

బాలమణి అలమర వైపు చూసింది. పిడికిట్లోని ఉప్పు వదలనన్నందుకు ఆ వంశపు రాజుగారి పోలీసులు లాఠీతో విరిచిన చెయ్యి అది. దానికి దండం పెట్టించి మరీ పంపింది.

"ప్రణవ్ నంబరు కలిపి ఇవ్వు."

"ఎందుకు? ఇంకా తిడతావా? పాపం, వదిలెయ్ అమ్మమ్మా."

బాలమణి ఫోను అందుకుని, పోస్టరులోని రాజుగారి కళ్ళలోకి సూటిగా చూస్తూ అంది.

"బాబూ ప్రణవ్, నేను నాయనా, నీహారిక అమ్మమ్మని. వేడిగా దోసెలు వేస్తున్నాను, వచ్చెయ్. మనం అప్పీలుకి వెళుతున్నాం. దీని ఎత్తులన్నీ నాకు తెలుసు."