దాటని వెలుగు

“మళ్ల గదే చుక్క,” అంది ఎలీసబెతు.

తెల్లకాగితం మీద ఎర్రచుక్క ఒక్కటే పడింది. అది అక్కడ కాదు, పక్కన పడాలి. నెల రోజులుగా పడడం లేదు.

ఎలీసబెతు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సెమిస్టర్‌లో ఉంది. రోజూ పెద్దపల్లి నుంచి కరీంనగర్‌కు బస్సులో వస్తుంది. ఒకసారి మధ్యలో ఆగిపోయిన చదువు. ఈసారి ఆగితే ఇక సాగదని ఆమెకు తెలుసు.

ఆమె ప్రాజెక్టు వేలెడంత గాజు పలక. అందులో వెంట్రుక కన్నా సన్నని దారులు రెండు, పక్కపక్కనే, ఒకదానికొకటి తగలకుండా ఉంటాయి. మొదటి దారిలోకి లేజర్ పంపితే, వెలుగు మెల్లగా రెండో దారిలోకి జారాలి. దాటే బలం లేని ఎలక్ట్రాన్ ఒక్కోసారి గోడ అవతల తేలినట్టు. ఎలక్ట్రాన్‌ను కంటితో చూడలేం, వెలుగును చూడొచ్చు. అది చూపించాలని ఆమె పంతం.

వెలుగు మాత్రం వెళ్లిన దారిలోంచే బయటికి వస్తోంది.

“ఫలితం రాలే అని రాసి ఇయ్యి. రేపే ఆఖరు,” అంది గైడ్ ఆరాధన మేడమ్.

క్లాసులో అందరికన్నా ఎక్కువ తిట్లు ఎలీసబెతుకే. మిగతావాళ్లకు వారం గడువిచ్చిన మేడమ్ ఆమెకు ఒక్కరోజు కూడా ఇవ్వలేదు.

“వెలుగు దాటనే లేదో, దాటి మళ్ల వచ్చిందో ఎట్ల తెలుస్తది మేడమ్? పలకను సగానికి విరిచి చూస్త.”

“ఉన్నది ఒక్కటే పలక. పాడైతే ఏడాది పోతది. చెప్తే వినవా?”

“వినను. చూడకుండ రాలే అని ఎట్ల రాయాలె?”

ఎలీసబెతు గాజు కోసే వజ్రపు మొన తీసుకుని పలక నడుమ గీత గీసింది. రెండంచులు పట్టి వంచింది. టక్కుమంది.

సగం పలకను లేజర్ ముందు పెట్టింది.

మొదటి దారి ఎదుట చీకటి. ఎర్రచుక్క రెండో దారి ఎదుట పడింది. నెల రోజులుగా వెలుగంతా సగం దూరంలో అవతలికి దాటి, మిగతా సగంలో వెనక్కి వచ్చేస్తోంది.

మేడమ్ వంగి చూసింది. తర్వాత రికార్డు దగ్గరికి లాక్కుని సంతకం పెట్టింది.

ల్యాబ్‌లో ఇంకెవరూ లేరని చూసుకుని, తనను కని పెంచిన ఆ విద్యార్థిని చేయి పట్టుకుని, “పద అవ్వా, బాపు ఎదురుచూస్తుంటడు,” అంది.