నెమలి బాగుచేసిన ఊట

కొండ కింద ఊటబుగ్గ ఒకటుండేది. తేటనీళ్లలో తన పింఛం చూసుకోనిదే నెమలికి పొద్దు గడిచేది కాదు. ఒడ్డున తుంగగడ్డి, నీళ్లలో నత్తలు అడ్డొస్తున్నాయని దానికి ఒకటే చిరాకు.

"ఊటను బాగుచేస్తున్నాను," అని అడవంతా చాటింది. కోతుల చేత తుంగ పీకించి, తెల్లటి గులకరాళ్లు పరిపించింది. నత్తల్ని ఏరించి పక్క మడుగులో పారేయించింది. చూడవచ్చిన జంతువులన్నీ ఆహా ఓహో అన్నాయి.

ఈలోగా వానలు పట్టుకున్నాయి. ఆపే తుంగ లేక కొండమీది బురదంతా ఊటలోకి దిగింది. తినే నత్తలు లేక నాచు దట్టంగా పేరుకుంది. జింకలు మూతి పెట్టి, తాగలేక తిరిగిపోయాయి. నెమలికి మాత్రం తన నీడ కనపడలేదన్నదే దిగులు.

చివరికి మడుగు దగ్గరికెళ్లి ముసలి నత్తను బతిమాలింది. "వచ్చేయండి పెద్దమ్మా. తప్పంతా కోతులది."

"వస్తాం నాయనా. తుంగను మాత్రం మళ్లీ మొలవనివ్వు. మా నడక తెలుసుగా, కాస్త ఆలస్యమవుతుంది," అంది నత్త.

తుంగ వేళ్లూని, నత్తలు నాచు తినేసరికి వానాకాలం వెళ్లిపోయింది. ఊట అడుగున ఇసుక మెరిసింది. జింకలు కడుపునిండా తాగాయి. నెమలి పరుగున వచ్చి తొంగిచూసింది. ఏటా వానలయ్యాక రాలినట్టే దాని పింఛం అప్పటికే రాలిపోయింది. నీళ్లలో ఓ బోడిపక్షి నిలబడి ఉంది.

నెమలి చాలాసేపు చూసి, నత్త వైపు తిరిగింది.

"నీళ్లు ఇంకా తేటపడలేదు పెద్దమ్మా," అంది.