ఆటలో దొరికిన కొడుకు

"స్కూల్లో ఏం చెప్పార్రా ఇవాళ?"

"ఏం లేదు."

"ఏమీ లేకుండానే ఆరు గంటలు కూర్చోబెట్టారా?"

"ఊఁ."

పదమూడేళ్ళ ఈలిస్ ప్లేటు సింకులో పడేసి, గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. వాళ్ళమ్మ తూలియా లెక్కపెట్టుకుంది. ఇవాళ్టికి మూడు మాటలు. అదీ 'ఊఁ'ని కూడా మాటగా ఒప్పుకుంటే.

రౌమా అనే ఆ ఓడరేవు ఊళ్ళో, ముఖ్యంగా ఆ ఇంట్లో, మాటల కరువు కొత్తేం కాదు. ఆమె మొగుడు యార్కో సరుకుల ఓడలో ఇంజనీరు. ఇంటికొచ్చిన రోజుల్లో కూడా పొగమంచులో ఓడ కూత వేసినట్టు గంటకో శబ్దం చేసి ఊరుకుంటాడు. అత్తగారు కెర్తు రెండు వీధుల అవతల ఉంటుంది. ప్రతి ఆదివారం వచ్చి, సౌనాలో ఆవిరిస్నానం చేసి, భోంచేసి, "సరే మరి" అని లేచిపోతుంది. ఆ రెండు మాటల్లో మెప్పుందో తిట్టుందో తూలియాకు పదిహేనేళ్ళుగా అంతు చిక్కలేదు. కొడుకైనా తనలా గలగలా మాట్లాడతాడనుకుంటే, వాడూ వాళ్ళ వంశమే అయ్యాడు.

సెప్టెంబరులో బడివాళ్ళు తల్లిదండ్రులకు ఒక ఉపన్యాసం పెట్టించారు. హెల్సింకీ నుంచి వచ్చిన నిపుణురాలు గంటన్నర సేపు తెర మీద బాణాలు గీసి, చివరికి, "మీ పిల్లల ప్రపంచంలోకి మీరే అడుగు పెట్టండి" అంది. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టి ఇళ్ళకు పోయారు. తూలియా నిజంగానే అడుగు పెట్టింది. కాకపోతే దొడ్డిదారిన.

ఈలిస్ ఫోన్లో ఏ ఆట ఆడతాడో ఆమెకు తెలుసు. అడవి కొట్టి, గుడిసెలు కట్టి, గొర్రెల్ని కాసుకోవాలి. అందులో వాడి పేరు 'తోడేలు ఈలిస్'. ఆమె 'ఓత్సో, పద్నాలుగేళ్ళు' అనే అబ్బాయిగా చేరి, వాడి గుడిసె పక్కనే గుడిసె వేసింది.

ఇంట్లో వాడు ఆ ఆట ముట్టినట్టే కనబడడు. బడి అయ్యాక నాయనమ్మ ఇంటికి పోతాడు కదా, మూడింటి నుంచి ఐదింటిదాకా మాత్రం తోడేలు అడవిలోనే ఉంటుంది. 'ఎంత జాగ్రత్త నా తండ్రికి!' అనుకుంది. ఆమెదీ తక్కువ జాగ్రత్త కాదు. పళ్ళ డాక్టరుగారి దగ్గర రిసెప్షన్‌లో ఉద్యోగం. బల్ల కింద ఫోను పెట్టుకుని ఆడేది. బుగ్గలు వాచినవాళ్ళు ఎదురుగా నిలబడి ఉండేవారు. నొప్పి ఆగుతుంది గానీ గొర్రెలు ఆగుతాయా?

రెండు వారాలు కట్టెల గురించే మాట్లాడుకున్నారు. మూడో వారం ధైర్యం చేసింది.

"మీ ఇంట్లో ఎలా ఉంటుంది?" అని రాసింది.

"ఉండటానికేం. ఆదివారం చేప సూపు తినాలి. ఆవిడ అందులో సోయికూర వెయ్యదు."

ఆవిడ! నవమాసాలు మోసి కంటే, ఆవిడట! అయినా తూలియా తమాయించుకుంది.

"ఇంకా?"

"మనం నోరు తెరిచేసరికి ఫోను చూసుకుంటూ ఉంటుంది. సౌనా సరిగ్గా కాచదు. చల్లారిన పొయ్యి దగ్గర బట్టలిప్పుకు కూర్చున్నట్టుంటుంది."

"అమ్మా, నా పన్ను..." అన్నాడు ఎదుట నిలబడ్డ పెద్దమనిషి.

"కాస్త ఆగండీ, మావాడు మాట్లాడుతున్నాడు!" అని కసిరింది.

ఆ ఆదివారం సూపులో సోయికూర రెండు కట్టలు పడింది. సౌనా రాళ్ళు భగభగలాడాయి. ఫోను సొరుగులోకి పోయింది. ఈలిస్ ఆకులన్నీ ఏరి గిన్నె అంచుకు తోసి తిన్నాడు.

"బాగుందా నాన్నా?"

"ఊఁ."

పైకి చెప్పడానికి సిగ్గు కాబోలనుకుని మురిసిపోయింది. అత్తగారు రెండోసారి వడ్డించుకుంది. ఆవిడ తింటే ఎవరిక్కావాలి?

నవంబరు చివర్లో ఒకరోజు తూలియా తెగించి అడిగేసింది.

"ఆవిడంటే నీకు ఇష్టం లేదా?"

డాక్టరుగారు రెండుసార్లు పిలిచారు. ఆమె కదల్లేదు.

"ఇష్టమే," అని వచ్చింది చివరికి. "మగమనిషి సముద్రం మీద ఉంటే ఇల్లంతా ఒక్కత్తే లాక్కొస్తోంది. ఎంత అలిసిపోతుందో నాకు తెలుసు. ఈమధ్య ఇంకా ఆదరంగా ఉంటోంది. మంచి మాట ఒకటి చెబుదామనే ప్రతిసారీ అనుకుంటాను. నోరు పెగలదు. మా ఇంట్లో అందరం అంతే."

తూలియా బల్ల కిందకు దూరి వెక్కివెక్కి ఏడ్చింది. "పన్ను నొప్పా? ముందే చెప్పొచ్చుగా!" అన్నారు డాక్టరుగారు, జాలిపడి.

ఆ సాయంత్రం ఈలిస్ గది తలుపు తట్టింది. వాడు స్కేట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు.

"ఒరేయ్, ఒకటి చెప్తాను, కోప్పడకు. ఓత్సో నేనే."

"ఏ ఓత్సో?"

"నా దగ్గర నటించకు నాన్నా. నీ గుడిసె పక్క గుడిసె నాదేరా. నువ్వు రాసిన ప్రతి మాటా మనసులో దాచుకున్నాను. ఇంక నువ్వు నాతో రోజంతా మాట్లాడకపోయినా సరే. నీ మనసేమిటో నాకు తెలిసింది."

తల్లికి జ్వరమేమో అన్నట్టు చూశాడు వాడు.

"గొర్రెల ఆటా? అది ఆగస్టులోనే మానేశానమ్మా. బడి కాగానే బ్యాగూ ఫోనూ అక్కడ పడేసి నేను హాకీకి పోతాను కదా."

ఒకేసారి అన్ని మాటలు! ఆ సంతోషంలో వాడేమన్నాడో బుర్రకెక్కడానికి ఆమెకు కొంచెం సమయం పట్టింది.

"మరి... రోజూ మూడింటికి వచ్చే ఆ తోడేలు ఎవర్రా?"

"నాయనమ్మ."