పిలుపు పట్టీ

నూకరత్నానికి అన్నిటికన్నా పెద్ద భయం, కడుపులోని బిడ్డ ఒంట్లోంచి ఏదో తన చేతి గాయంలోకి నడిచి వచ్చేస్తుందని.

రొయ్యలు ఒలిచే షెడ్డులో వేలు తెగితే సెలవు ఇవ్వడం మానేసి చాలాకాలమైంది. పిలుపు పట్టీ అంటిస్తారు. అది ఒంట్లోని మూలకణాలను గాయం దగ్గరికి పిలుచుకొచ్చి, తెల్లారేసరికి కొత్త కండ కట్టిస్తుంది. ఎక్కడి నుంచి పిలుస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే నూకరత్నం పట్టీ పీకేసి, గాయానికి పసుపు అద్ది, గుడ్డ చుట్టి, పైన గ్లౌజు తొడుక్కుంది.

“ఏటే, పట్టీ ఏదే?” అంది పక్కన ఒలుస్తూ, ఆమె గుడ్డ చుట్టడం చూసిన పైడితల్లి.

“లోపలున్నది లేతది కదక్కా. పిలిస్తే అదే ముందొచ్చేత్తాదేమో.”

“నీ మొకం! ఆ పట్టీల్తోనే ఇద్దర్ని కన్నాను నేను.”

“అందుకేనేటి నీ సిన్నోడు అంత బక్కోడు?”

నవ్వబోయిన పైడితల్లి నవ్వలేకపోయింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పట్టీ లేదని తెలిస్తే పనిలోంచి తీసేస్తారు కాబట్టి, సూపర్‌వైజరు అటు వచ్చినప్పుడల్లా తానే అడ్డంగా నిలబడింది.

వారం తిరిగేసరికి నూకరత్నం చెయ్యి మోచేతిదాకా వాచింది. మీరు ఆ షెడ్డు వైపు వెళితే, కిటికీ పక్క బల్ల దగ్గర ఆమె ఉంటుంది. ఒళ్లు కాలుతోందేమో, ఒక్కసారి నుదుటి మీద చెయ్యి వేసి చూడండి.