పాలు పొంగని ఇల్లు

సముద్రం ఉప్పాడను మింగాక నూకరత్నం, బుల్లియ్య దంపతులు మూడు ఊళ్లు మారారు. మూడింటినీ ప్రభుత్వ కంప్యూటరే ఎంచింది. మూడు చోట్ల నుంచీ నీళ్లో ఎండో తరిమేశాయి. మదనపల్లె దగ్గరి ఈ నాలుగో ఇంటిని మాత్రం నచ్చితేనే తీసుకోమంది. సాయంత్రంలోగా గోడ మీద వేలిముద్ర వెయ్యాలి.

నూకరత్నం పొయ్యి మీద పాలు పెట్టింది. పాలు గిన్నె అంచు దాకా లేచాయి. అంతలో పొయ్యి ఆరిపోయింది.

"పాలు పొంగబోయాయి. ఆపేశాను," అంది ఇల్లు మర్యాదగా.

"చూసేవా మావా? ఆ మూడిళ్లలోనూ ఇంతే. పాలు పొంగనిస్తేగా, మనం నిలవడానికి!"

"దానికి పాల సంగతేం తెలుస్తాదే? వేలిముద్ర ఎయ్యి. ఇంకెక్కడికని తిరుగుతాం?"

ఆమె గిన్నె పట్టుకుని వాకిట్లోకి నడిచింది. మూడు రాళ్లు పేర్చి, సామాన్ల అట్టపెట్టె చింపి మంట వేసింది. పాలు పొంగి నిప్పుల్లో చుయ్యిమన్నాయి. వెనకే వచ్చిన బుల్లియ్య తనకు తెలియకుండానే చేతులు జోడించాడు.

వాళ్ల వెనక, ఇల్లు తలుపులు మూసుకుంది. "మంట పెట్టేవారికి ఈ ఇల్లు ఇవ్వబడదు. మీకు వేరే ఊరు చూస్తున్నాను."

"చూసుకోనీ మావా," అంది నూకరత్నం, రాళ్ల ముందు నుంచి లేవకుండా. "పాలు ఇక్కడ పొంగేయి. మనకి ఊరు దొరికింది. ఇల్లే కట్టుకోవాలి."