నాన్న దవడపన్ను

"పీకించేస్తా," అన్నాడు తండ్రి, వాచిన బుగ్గను అరచేత్తో అదిమి పట్టుకుని.

"రూట్ కెనాల్ చేయిస్తే పన్ను దక్కుతుంది నాన్నా. లోపల చెడిపోయిన నరం తీసేసి, శుభ్రం చేసి మూసేస్తారు. అంతే," అంది కూతురు చెప్పులు వేసుకుంటూ. డెంటల్ కాలేజీలో ఆమెకిది ఆఖరి సంవత్సరం. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి.

"సన్నటి పుల్లలు పెట్టి గీకితే వేరు చీలుతుందన్నదెవరు? నువ్వు కాదూ?"

అన్నది తనే. ఆమె ప్రాజెక్టే అది. పీకిన పళ్ళను రెండు సీసాల్లో నీళ్ళు పోసి దాచింది. ఒక సీసా కాలేజీలోనే ఉంది, అందులోని పళ్ళ జోలికి పోలేదు. రెండో సీసా ఇంటికి తెచ్చుకుని, సెలవుల్లో కూర్చుని ఒక్కో పన్నుకూ రూట్ కెనాల్ చేసింది. తర్వాత అన్నింటినీ కాలేజీలో అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ముట్టుకోని వాటి వేర్లు నున్నగా ఉన్నాయి. తను చేసిన వాటిలో వెంట్రుకవాసి బీటలు!

"అది ఒక్క ప్రయోగమే నాన్నా. మళ్ళీ చేసి చూడాలి. ఇవాళ కాలేజీలో మా మేడమ్‌ని అడిగొస్తాను, సాయంత్రం దాకా ఓపిక పట్టు."

"వెల్డింగ్ చేసేవాడికి బీట సంగతి నువ్వు చెప్పాలా? ఇవాళ వెంట్రుకంత బీట, రేపు గేటుకు గేటే కూలుద్ది."

"గేటుకి నొప్పి తెలీదు, మీకు తెలుస్తుంది. పిల్ల ఆగమంటోందిగా, ఆగండి," అంది తల్లి వంటింట్లోంచి.

"నేను వింటున్నది పిల్ల మాటేనే! పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నా పెరటి చెట్టు అలాంటిది కాదు."

నవ్వాలో ఏడవాలో తెలియక కూతురు బస్సు కోసం పరిగెత్తింది.

కాలేజీలో మేడమ్ ఆ కోసిన పళ్ళ ఫోటోలన్నీ తిప్పి తిప్పి చూసింది. "తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తోందమ్మా. నాకే నమ్మశక్యంగా లేదు. ఇంకోసారి చేసి చూద్దాం. ఈలోపు మీ నాన్నగారిని రేపు తీసుకురా. దీన్ని పట్టుకుని మంచి పన్ను పోగొట్టుకోవద్దని చెప్పు."

ఆ మాట మోసుకుని ఆమె ఇల్లు చేరేసరికి తండ్రి కుర్చీలో దర్జాగా కూర్చుని ఉన్నాడు. నోట్లో దూది.

"నాన్నా! పీకించేశావా?"

"ఊఁ. ఊఁ ఊఁ."

"ప్రాణం హాయిగా ఉందట," అంది తల్లి.

"రేపు తీసుకురమ్మంది మేడమ్! పన్ను పోగొట్టుకోవద్దంది!"

"ఊఁ! ఊఁ ఊఁ ఊఁ!"

"ఆ మేడమ్ కంటే మా అమ్మాయే నయమట. వీధి చివర డాక్టరు పన్ను పారేయబోతే పోట్లాడి మరీ తెచ్చారు. నీ చదువుకి పనికొస్తుందట. దానికీ రూట్ కెనాల్ చేసి, చీలుతుందో లేదో చూసుకోమంటున్నారు."

తండ్రి దూదితోనే నవ్వాడు. కూతురి కోపం గొంతులోనే కరిగిపోయింది.

"సరే, ఎక్కడుంది? నీళ్ళలో వేశారా? పీకిన పన్ను తడి ఆరకూడదు. ఆరిందంటే ఎవరూ ముట్టుకోకపోయినా దానంతటదే బీటలు వారుతుంది."

తల్లి కంగారుగా కిటికీ వైపు చూసింది. అక్కడ కాగితం మీద, సాయంత్రపు ఎండలో, తెల్లగా మెరుస్తోంది దవడపన్ను.

"ఎండబెట్టావా అమ్మా!"

"నాకేం తెలుసే? శుభ్రంగా తోమి పెట్టాను. నువ్వెప్పుడూ ఏమీ అనలేదుగా."

"ఎప్పుడూ ఏంటి?"

"మొన్న సెలవుల్లో నీ సీసాలో నీళ్ళు మార్చినప్పుడు, ఆ పళ్ళూ ఇలాగే ఎండబెట్టానుగా!"